డీజిల్ కారా, పెట్రోల్ కారా? మా కొడవలూరు లెక్క చెప్తా వినండి

ఈరోజు ఎపిసోడ్ మా కొడవలూరులో, మా ఇంటి అరుగు మీద కూర్చుని చేస్తున్నా. మధ్యలో కోళ్ళ అరుపులు, ట్రాక్టర్ చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి. కోతల టైమ్, ఆపమంటే ఎవరూ ఆపరు.

కామెంట్లలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, డీజిల్ కారు తీసుకోమంటావా, పెట్రోల్ తీసుకోమంటావా?" అంతే. ఏ ఊరో రాయరు, నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో రాయరు, ఎక్కువగా ఏ రోడ్డు మీద తిరుగుతారో రాయరు. డాక్టర్ దగ్గరికి పోయి "సార్, ఏ మాత్ర మంచిది?" అని అడిగినట్టు ఉంటది. మాత్ర మంచిదే, ముందు జబ్బేందో తెలియాలి గదా.

ఇప్పుడు అదే ప్రశ్న మా ఇంట్లోకే వచ్చింది. మా బావకి విడవలూరు వైపు రొయ్యల గుంటలున్నాయి, ఆయన కొత్త కారు కొనాలి. మా చిన్నాయన కొడుకు సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత డీజిల్ బండి చూసి అడ్వాన్స్ ఇవ్వడానికి రెడీ అయిపోయాడు. ఇద్దరూ నన్నే అడిగారు. వాళ్ళకి చెప్పే ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. ఈ ఎపిసోడ్ అక్కడి నుంచే మొదలు.

నా కారు కథ

మా నాయన జన్మంతా వ్యవసాయం. పొలానికి నీళ్ళు తోడింది డీజిల్ ఆయిల్ ఇంజిన్, దున్నింది డీజిల్ ట్రాక్టర్. "డీజిల్ బండి మొండిది, ఎట్ట వాడినా పని చేస్తది, ఖర్చు తక్కువ" అనేది మా ఇంట్లో చిన్నప్పటి నుంచి వింటున్న మాట. అందుకని 2021లో నేను కారు కొనేటప్పుడు రెండో ఆలోచన లేకుండా డీజిల్ బుక్ చేశా. అదే మోడల్ పెట్రోల్ కంటే ఆన్‌రోడ్ లక్షన్నర ఎక్కువ పడింది. లోన్‌లో కలిసిపోయింది కాబట్టి నొప్పి తెలియలేదు.

మరి నా తిరుగుడు ఎంత? పొద్దున ఇంటి నుంచి రాజుపాలెంలో నా షాపుకి. పది నిమిషాలు కూడా పట్టదు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి, మళ్ళీ షాపుకి, రాత్రికి ఇంటికి. పిల్లని బడి దగ్గర దించడం. వారానికి ఒకసారి నెల్లూరు. నెలంతా కలిపినా 400 కిలోమీటర్లు దాటేది కాదు. ఇంజిన్ సరిగ్గా వేడెక్కకముందే ఆపేస్తున్నా అన్నమాట. రోజూ, నాలుగు సార్లు.

రెండేళ్ళ తర్వాత డాష్‌బోర్డ్ మీద ఒక పసుపు లైటు వెలిగింది. పైపులో చుక్కలు చుక్కలుగా ఉండే బొమ్మ. బండి బాగానే నడుస్తోంది కదా అని పట్టించుకోలేదు. సర్వీస్‌కి ఇచ్చినప్పుడు చెప్దాంలే అనుకున్నా. వారం తర్వాత మా నాయనకి చెన్నైలో గుండె డాక్టర్ అపాయింట్‌మెంట్. నెలన్నర ముందు తీసుకున్నది. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాం. నాయుడుపేట దాటగానే ఇంకో లైటు వెలిగింది, బండి పికప్ చచ్చిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా యాభై దాటట్లేదు. హైవే మీద లారీలు హారన్ కొట్టుకుంటా పక్క నుంచి పోతున్నాయి. వెనక సీట్లో నాయన. అమ్మ ఏమీ మాట్లాడట్లేదు, అది ఇంకా భయం.

పక్కన ఆపి, తెలిసినోళ్ళకి ఫోన్లు చేసి, టాక్సీ దొరికేసరికి రెండు గంటలు పోయింది. అపాయింట్‌మెంట్ పోయింది. మళ్ళీ డేట్ మూడు వారాల తర్వాత ఇచ్చారు. దేవుడి దయ వల్ల ఆ మూడు వారాల్లో ఏమీ కాలేదు. కానీ ఆ మూడు వారాలు నేను రాత్రుళ్ళు సరిగ్గా పడుకోలేదు. కారుకి అయిన బిల్లు కంటే అదే నాకు పెద్ద ఖర్చు.

తర్వాత తెలిసిందేందంటే, కారులో లోపం ఏమీ లేదు. అది తయారైన పని వేరు, నేను చేయించిన పని వేరు. ఎందుకో అర్థం కావాలంటే ఇంజిన్ లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

డీజిల్ మైలేజీ ఎందుకు ఎక్కువ?

సైకిల్‌కి గాలి కొట్టే పంపు తెలుసు కదా. గట్టిగా నాలుగుసార్లు కొట్టి కింద భాగం పట్టుకుంటే వేడిగా తగులుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజిన్ మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. గాలిని దాదాపు పదహారో వంతుకి నొక్కేస్తుంది. ఆ వేడిలోకి డీజిల్‌ని చిమ్మితే దానంతట అదే మండుతుంది. స్పార్క్ ప్లగ్ అవసరం లేదు. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ 1897లో పనిచేసే ఇంజిన్ చూపించింది ఈ పద్ధతిలోనే. మనం పోసే ఆయిల్‌కి ఉన్న పేరు ఆయన పేరే.

పెట్రోల్ ఇంజిన్‌లో పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమాన్ని స్పార్క్‌తో వెలిగిస్తారు. అక్కడ అంత గట్టిగా నొక్కకూడదు, నొక్కితే స్పార్క్ రాకముందే మండిపోయి ఇంజిన్ కొట్టుకుంటుంది. అందుకే సాధారణంగా పదో వంతు, పన్నెండో వంతు దగ్గర ఆగుతారు. ఎంత ఎక్కువ నొక్కితే మంటలో నుంచి అంత ఎక్కువ పని వస్తుంది. దానికి తోడు ఒక లీటరు డీజిల్‌లో ఒక లీటరు పెట్రోల్ కంటే పది శాతం పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. ఈ రెండూ కలిసి డీజిల్‌కి మైలేజీ ఇస్తాయి. తక్కువ స్పీడులోనే లాగే బలం కూడా వస్తుంది, అందుకే లారీలు, ట్రాక్టర్లు, బస్సులు అన్నీ డీజిలే.

మరి దీనికి మూల్యం? అంత ఒత్తిడి తట్టుకోవాలంటే ఇంజిన్ బరువుగా, గట్టిగా కట్టాలి. డీజిల్‌ని చాలా ఎక్కువ ప్రెషర్‌తో చిమ్మే పంపు, ఇంజెక్టర్లు కావాలి, టర్బో కావాలి. పొగలో మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ వస్తాయి కాబట్టి వాటిని పట్టే సామాను కావాలి. ఇవన్నీ కలిసి ఆ లక్షన్నర తేడా.

మన తలలో ఉన్న లెక్క 2012 నాటిది

"డీజిల్ చవక" అని మన పెద్దోళ్ళు చెప్పింది అబద్ధం కాదు. అప్పట్లో నిజమే. 2010 జూన్‌లో కేంద్రం పెట్రోల్ ధర మీద కంట్రోల్ తీసేసింది, డీజిల్ మీద మాత్రం ఉంచింది. రైతులు, లారీలు, బస్సులు వాడేది కదా అని. దాంతో తేడా పెరుగుతూ పోయింది. 2012 మే నెలాఖరుకి ఢిల్లీలో పెట్రోల్ లీటరు 73 రూపాయలు దాటింది, డీజిల్ 41 రూపాయల చిల్లర. లీటరు మీద 30 రూపాయల పైన తేడా!

అప్పుడు ఎవడైనా డీజిలే కొంటాడు. కొన్నారు కూడా. ఆ రోజుల్లో దేశంలో అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిల్ బళ్ళే. ఫియట్ తయారుచేసిన 1.3 లీటర్ మల్టీజెట్ ఇంజిన్ గుర్తుందా? అదే ఇంజిన్ స్విఫ్ట్‌లో, డిజైర్‌లో, ఇండికా విస్టాలో, పుంటోలో ఉండేది. జనాలు దాన్ని "ఇండియా నేషనల్ ఇంజిన్" అని సరదాగా పిలిచేవాళ్ళు.

తర్వాత ఏమైంది? 2013 జనవరి నుంచి డీజిల్‌ని నెలకి అర్ధ రూపాయి చొప్పున పెంచుకోవడానికి కంపెనీలకి వదిలేశారు. 2014 అక్టోబర్‌లో కంట్రోల్ పూర్తిగా ఎత్తేశారు. 2017 జూన్ నుంచి రేట్లు ఏ రోజుకి ఆ రోజు మారడం మొదలైంది. 30 రూపాయల తేడా కరిగిపోయింది.

ఇప్పుడు మన దగ్గర మిగిలిన తేడాలో పెద్ద భాగం పన్నుల వల్లే. ఆంధ్రాలో పెట్రోల్ మీద వ్యాట్ 31 శాతం, డీజిల్ మీద 22.25 శాతం. రెండిటి మీదా లీటరుకి 4 రూపాయలు అదనం, ఒక రూపాయి రోడ్డు సెస్సు. అందుకే మనోళ్ళు చెన్నై నుంచి వచ్చేటప్పుడు తడ రాకముందే, తమిళనాడు వైపు బంకులో ట్యాంకు నింపుకుని వస్తారు.

ఒక చిన్న విషయం. డల్లాస్‌లో ఉన్న మా ఫ్రెండ్ ఒకడు "ఇక్కడ డీజిలే ఎక్కువ రేటు" అంటే నేను నమ్మలేదు. నిజమే. అమెరికాలో గ్యాసోలిన్, అదే మన పెట్రోల్, మీద కేంద్ర పన్ను గ్యాలన్‌కి 18.4 సెంట్లు. డీజిల్ మీద 24.4 సెంట్లు. అక్కడ పన్ను తిరగబడింది, మామూలు కార్లలో డీజిల్ దాదాపు కనపడదు. అంటే ఆయిల్ చవకా, ఖరీదా అనేది ఆయిల్ గుణం కాదు. సర్కారు వేసే పన్ను.

ఇప్పటి లెక్క, పెన్నూ కాగితం తీసుకోండి

సులువుగా ఉండటానికి పెట్రోల్ 110 రూపాయలు, డీజిల్ 98 రూపాయలు అనుకుందాం. మన జిల్లాలో కాస్త అటూఇటూగా ఇంతే ఉంటుంది. మీరు ఈ వీడియో చూసే రోజు రేటు వేసుకోండి. ఒకే సైజు బండి. పెట్రోల్‌ది 14 మైలేజీ, డీజిల్‌ది 18 మైలేజీ. కంపెనీ చెప్పే మైలేజీ కాదు, రోడ్డు మీద నిజంగా వచ్చేది.

పెట్రోల్: 110ని 14తో భాగిస్తే కిలోమీటరుకి 7 రూపాయల 86 పైసలు.
డీజిల్: 98ని 18తో భాగిస్తే 5 రూపాయల 44 పైసలు.
తేడా: 2 రూపాయల 42 పైసలు.

డీజిల్ సర్వీసింగ్ కొంచెం ఎక్కువ. ఇంజిన్ ఆయిల్ ఎక్కువ పడుతుంది, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాలి. దానికి కిలోమీటరుకి 30 పైసలు తీసేద్దాం. ఉజ్జాయింపుగా మిగిలేది 2 రూపాయల 10 పైసలు.

ఇప్పుడు లక్షన్నర ఎక్కువ పెట్టాం కదా. దాన్ని 2 రూపాయల 10 పైసలతో భాగించండి. 71 వేల కిలోమీటర్ల పైన తిరిగితే గానీ పెట్టిన డబ్బు వెనక్కి రాదు. నెలకి 1,000 తిరిగేవాళ్ళకి ఆరేళ్ళు. నాలాగా 400 తిరిగేవాళ్ళకి దాదాపు పదిహేనేళ్ళు. కారు రిజిస్ట్రేషన్ గడువే పదిహేనేళ్ళు. అంటే నా డబ్బు వెనక్కి వచ్చే రోజుకి బండి ఫిట్‌నెస్‌కి పోవాలి.

ఇంకా అయిపోలేదు. చాలామంది లోన్ మీద కొంటారు. లక్షన్నర ఎక్కువ లోన్, 9 శాతం వడ్డీ, ఐదేళ్ళు అనుకుంటే నెలకి దాదాపు 3,100 రూపాయలు ఈఎంఐ పెరుగుతుంది. వడ్డీ ఒక్కటే మొత్తం మీద 37 వేలు. నేను డీజిల్ వల్ల నెలకి ఎంత మిగిల్చుకున్నా? 400 ఇంటూ 2.10, అంటే 840 రూపాయలు. 840 మిగుల్చుకోవడానికి నెలకి 3,100 కట్టా! ఈ లెక్క ముందే వేసుంటే షోరూంలో సంతకం పెట్టేవాణ్ణి కాదు.

మీకు ఒక్క నంబర్ కావాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఈ రేట్లకి, లోన్ మీద కొనేటట్టయితే, నెలకి 1,500 కిలోమీటర్ల దగ్గర త్రాసు సమంగా ఉంటుంది. అంతకంటే బాగా ఎక్కువ తిరిగితే డీజిల్, బాగా తక్కువైతే పెట్రోల్. ధరల తేడా లక్ష మాత్రమే అయితే ఈ గీత 1,000 దగ్గరికి దిగుతుంది. మీరు చూసే బండి తేడా ఎంతో కనుక్కుని వేసుకోండి.

ఇక్కడ ఒక కొత్త సంగతి. ఇదివరకు నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లలో పెట్రోల్ మీద పన్ను 29 శాతం, డీజిల్ మీద 31 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండూ 18 శాతానికి వచ్చాయి. పెట్రోల్ అయితే ఇంజిన్ 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉండాలి. కాబట్టి పాత ధరలతో లెక్క వేయొద్దు, కొత్త కొటేషన్ తీసుకోండి.

ఆ పసుపు లైటు ఏంది?

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది. బీఎస్-4 నుంచి ఐదుని వదిలేసి నేరుగా ఆరుకి దూకాం. ఆయిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. డీజిల్ కార్ల నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు కిలోమీటరుకి 250 మిల్లీగ్రాముల నుంచి 80కి దిగింది. మసి హద్దు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కి. ఇంత తగ్గించాలంటే ఖర్చవుతుంది. ఆ ఖర్చు చిన్న కార్ల మీద గిట్టదని మారుతీ సుజుకీ అప్పటి నుంచి డీజిల్ కార్లు ఆపేసింది. తర్వాత హోండా కూడా ఆపింది.

ఆ మసిని పట్టడానికి సైలెన్సర్ దారిలో ఒక ఫిల్టర్ పెడతారు. దాన్ని డీపీఎఫ్ అంటారు. లోపల తేనెపట్టు లాంటి గదులుంటాయి. పొగ పోతుంది, మసి ఆగిపోతుంది. నిండిపోతే? తనంతట తానే కాల్చుకోవాలి. హైవే మీద అరగంట ఒకే వేగంతో పోతే పొగ బాగా వేడెక్కి మసి మెల్లగా కాలిపోతుంది. అట్లా కాలకపోతే కంప్యూటర్ రంగంలోకి దిగి కొంచెం డీజిల్ ఎక్కువ చిమ్మి, ఫిల్టర్‌ని 600 డిగ్రీల దాకా వేడి చేసి కాలుస్తుంది. దానికి పది, ఇరవై నిమిషాలు పడుతుంది.

నా ప్రయాణం ఎన్ని నిమిషాలు? పది లోపు. అది కాల్చడం మొదలుపెట్టేలోపు నేను ఇంజిన్ ఆపేస్తున్నా. మళ్ళీ మొదలుపెడుతుంది, మళ్ళీ ఆపేస్తున్నా. ఇట్లా సగంలో ఆగినప్పుడు కాలని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది. చివరికి ఫిల్టర్ మూసుకుపోతే, ఇంజిన్ పాడవకుండా బండి తన బలం తానే తగ్గించుకుంటుంది. నాయుడుపేట దగ్గర జరిగింది అదే.

వర్క్‌షాపులో మెషిన్ పెట్టి కాల్పించారు, ఆయిల్ మార్చారు, సెన్సర్ ఒకటి మార్చారు. నాకు 18 వేలు అయింది. "ఇంకో నెల ఆగి ఉంటే ఫిల్టరే మార్చాల్సి వచ్చేది, అది లక్ష దాకా పోయేది" అన్నాడు మెకానిక్.

మీకు ఇప్పటికే బీఎస్-6 డీజిల్ ఉంటే భయపడొద్దు. పది రోజులకి ఒకసారి హైవే ఎక్కండి. మా లాంటివాళ్ళమైతే రాజుపాలెం దగ్గర ఎక్కి కావలి వైపు అరగంట, అదే వేగంతో, ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం తగ్గకుండా. ఆ లైటు వెలిగితే వాయిదా వేయకండి, ఆ రోజే పోండి. లైటు ఆరిపోయేదాకా ఆపకండి. ఫిల్టర్ పీకించేయమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. వినొద్దు. చట్టానికి విరుద్ధం, ఆ మసి మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

ఇంకో మాట. పెద్ద డీజిల్ బళ్ళలో డెఫ్ అని ఒక ద్రావణం పోయాలి, ఆడ్‌బ్లూ అంటే తెలుస్తుంది. అది శుద్ధమైన నీళ్ళలో 32.5 శాతం యూరియా. "యూరియానే కదా, మన పొలంలోది కలుపుదాం" అని ఒకాయన నన్ను అడిగాడు. వద్దండీ! పొలంలో చల్లే యూరియాకి 2015 నుంచి వేపనూనె పూత ఉంటుంది. అది పోస్తే నాజిల్ మూసుకుపోయి సిస్టం మొత్తం పోతుంది. బస్తాలో మిగిలింది వరికి వాడుకోండి.

పెట్రోల్‌లో చిక్కులు లేవా?

ఉన్నాయి. ఒకవైపే చెప్తే మోసం అవుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. లీటరు ఇథనాల్‌లో పెట్రోల్ కంటే మూడో వంతు శక్తి తక్కువ. అందువల్ల మైలేజీ కొంత పడుతుంది. దానికోసమే తయారుచేసిన కొత్త బళ్ళలో తక్కువగా, పాత బళ్ళలో ఇంకొంచెం ఎక్కువగా. 14 వచ్చే బండి 13.5 ఇస్తే కిలోమీటరుకి ఇంకో 29 పైసలు పెరుగుతుంది. ఆ మేరకు లెక్క డీజిల్ వైపు జరుగుతుంది. 2023కి ముందు పెట్రోల్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు అది ఈ-20కి సరిపోతుందా లేదా అనేది బండి మాన్యువల్‌లో చూసుకోండి.

చిన్న టర్బో పెట్రోల్ బళ్ళు కూడా కాలు గట్టిగా పెడితే గటగటా తాగుతాయి. ఐదుగురు ఎక్కి, ఏసీ వేసి, తిరుమల ఘాట్ ఎక్కితే డీజిల్ లాగినట్టు పెట్రోల్ లాగదు. అది ఒప్పుకోవాలి.

పొగ సంగతి

కార్బన్ డయాక్సైడ్ చూస్తే, లీటరు పెట్రోల్ కాలితే 2.3 కిలోలు, డీజిల్ కాలితే 2.7 కిలోల దాకా వస్తుంది. కానీ డీజిల్ తక్కువ తాగుతుంది కాబట్టి కిలోమీటరుకి వేస్తే మన ఉదాహరణలో డీజిలే కొంచెం తక్కువ. మసి దగ్గర కథ మారుతుంది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం డీజిల్ పొగని క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. ఫిల్టర్ ఉన్న కొత్త బళ్ళు చాలా నయం. కానీ బడి ముందు పాత డీజిల్ బండి ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఏసీ వేసుకుని పిల్ల కోసం ఎదురుచూడటం మాత్రం మానేద్దాం. ఆ పొగ పీల్చేది మన పిల్లే.

మరి తమ్ముడికి, బావకి ఏం చెప్పా?

ముందు తమ్ముడు. వాడు చూసింది 2013 మోడల్ డీజిల్. అందులో డీపీఎఫ్ తలనొప్పి లేదు, అది ప్లస్సే. కానీ 2028కి పదిహేనేళ్ళు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ చేయించి, రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఢిల్లీలో పదేళ్ళ డీజిల్ బళ్ళ మీద వచ్చిన ఆంక్ష మనకి వర్తించదు, ఆ భయం పెట్టే వాట్సాప్ మెసేజ్‌లు నమ్మొద్దన్నా. అసలు ప్రశ్న ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్. వీటిలో ఒక్కటి పోయినా వాడి రెండు నెలల జీతం. వాడికి ఉద్యోగం నెల్లూరులో, పోయేది ట్రైన్‌లో. కారు ఆదివారాలకే. "పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడు. ఓనర్ ముందే వేడి చేసి పెట్టి ఉంటే వచ్చేయ్" అన్నా. పోయి చూశాడు. నల్లపొగ, స్టార్ట్ అవ్వడానికి మూడుసార్లు. అడ్వాన్స్ ఇవ్వలేదు. ఇప్పుడు ఒక చిన్న పెట్రోల్ బండి చూస్తున్నాడు.

ఇక బావ. గుంటల దగ్గరికి, మేత తేవడానికి, సీడ్ కోసం, రేటు మాట్లాడటానికి రోజుకి 70, 80 కిలోమీటర్లు. నెలకి 2,200 తక్కువ కాదు. 2,200 ఇంటూ 2.10 అంటే నెలకి 4,620 రూపాయలు మిగులుతుంది. పెరిగే ఈఎంఐ 3,100. పైగా సగం తిరుగుడు హైవే మీదే, ఫిల్టర్ దానంతట అదే కాలిపోతుంది. మేత బస్తాలు వేసుకున్నా బండి లాగుతుంది. బావకి కళ్ళు మూసుకుని డీజిలే చెప్పా. కాకపోతే ఒక షరతు పెట్టా: "రొయ్యల రేటు పడిపోయి ఒక ఏడాది గుంటలు ఎండబెడితే, అప్పుడు నెలకి ఎంత తిరుగుతావు బావా?" ఆయన కొంచెంసేపు ఆలోచించాడు. "మంచి ప్రశ్నే. అయితే లోన్ తక్కువ పెట్టుకుంటా" అన్నాడు. అదీ తెలివైన మాట.

చూశారా, ఒకే ఇల్లు, ఒకే ఊరు. ఇద్దరికి రెండు సమాధానాలు. బండి మంచిదా చెడ్డదా అని కాదు, మన తిరుగుడు ఏందని అడగాలి.

మరి నా కారు? అమ్మలేదు. అమ్మితే ఇప్పుడు ఇంకా నష్టం. షాపుకి స్కూటర్ మీద పోతున్నా. పది రోజులకి ఒకసారి మా నాయనని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కావలి దాకా పోయి, టీ తాగి వస్తున్నాం. ఆయన గుండె బాగుంది, కారు ఫిల్టరూ బాగుంది. మొన్న దారిలో అన్నాడు: "మన ట్రాక్టర్ మొండిది అన్నా గానీ, దాన్ని నేను ఏనాడూ పది నిమిషాలకి ఆపలేదు గదరా. పొద్దున తోలితే సాయంత్రమే." కొనేముందు ఆ మాట అడిగుంటే బాగుండేది. అడగలేదు.

సరే, ఈరోజుకి ఇంతే. కామెంట్‌లో మూడు విషయాలు రాయండి: నెలకి ఎన్ని కిలోమీటర్లు, అందులో హైవే ఎంత, డీజిల్‌కీ పెట్రోల్‌కీ మీకు ఇచ్చిన కొటేషన్‌లో తేడా ఎంత. ఈ మూడూ రాస్తే లెక్క నేను వేసి చెప్తా. "ఏది మంచిది అన్నా?" అని ఒక్క ముక్క రాస్తే మాత్రం ఈ వీడియోనే మళ్ళీ చూడమంటా. ఉంటా మరి, జాగ్రత్తగా నడపండి.